పేదవాని తలుపుకు సొంత గంట

విదేశాలకు వెళ్ళివచ్చినవారు వ్రాసే వ్యాసాలలో రాజప్రాసాదాలు, చర్చి గోపురాలు, మ్యూజియములు తప్పకుండా ఉంటాయి. అవి చూడదగినవే, కాదనను. అయితే ఒక ఊరిని అర్థం చేసుకోవటానికి దాని కోటలకన్న దాని పేదల ఇళ్ళే ఎక్కువ పనికివస్తాయని నా అభిప్రాయం. కోటలు ఏ దేశంలోనైనా ఒకే మాట చెబుతాయి: ఇక్కడొక బలవంతుడు ఉండేవాడు అని. పేదవానికి ఎటువంటి ఇల్లు కట్టారు, దానికి ఎటువంటి తలుపు పెట్టారు అన్నది మాత్రం ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది.

జర్మనీలో ఒక విశ్వవిద్యాలయం వారు సైన్సు విద్యార్థులకు రెండు వారాల వేసవి తరగతులు పెడితే, ఉపకారవేతనం దొరకబట్టి నేను వెళ్ళగలిగాను. కౌలుకు అయిదెకరాల పత్తి వేసే మా నాన్న సంపాదనతో అయ్యే పని కాదది. ఒక ఆదివారం మా జట్టు ఆగ్స్‌బర్గ్ అనే పాత పట్టణానికి పోయింది. అక్కడ చూసిన ఒక పేదల వాడను గురించీ, అది చూశాక మన కళాశాల సంగతి గురించీ నాకు తోచిన నాలుగు మాటలు విద్యార్థి మిత్రుల ముందుంచటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ వాడ పేరు ఫుగ్గరై. ప్రపంచంలో నేటికీ జనం కాపురముంటున్న సాంఘిక గృహసముదాయాలలో ఇదే అతి పురాతనమైనదని చెబుతారు. పట్టణం లోపలే మరో చిన్న పట్టణంలాగా దాని చుట్టూ గోడ, గోడకు గేట్లు, లోపల తిన్నని సందులు, సందులకు అటూ ఇటూ ఒకే వరసలో రెండంతస్తుల పెంకుటిళ్ళు. గోడలకు పసుపుపచ్చ రంగు, కిటికీ తలుపులకు ఆకుపచ్చ రంగు. కొన్ని గోడలనిండా తీగలు అల్లుకొని ఉన్నాయి. వాడకు సొంతంగా ఒక చిన్న చర్చి కూడా ఉంది. కట్టించినవాడు యాకోబ్ ఫుగ్గర్ అనే వర్తకుడు. తన పేరుమీదా, చనిపోయిన అన్నల పేరుమీదా 1521 ఆగస్టు 23న శాసనపత్రం వ్రాయించాడు. 1523 నాటికి 52 ఇళ్ళు పూర్తయినాయి. ఇప్పుడు 67 ఇళ్ళలో 140 వాటాలున్నాయి, ఇంచుమించు 150 మంది ఉంటున్నారు.

అద్దె వింటే మీరు నమ్మరు. శాసనంలో ఏడాదికి ఒక రైనిష్ గుల్డెన్ అని వ్రాశారు. ఆ నాణెం ఏనాడో పోయింది గానీ ఆ లెక్క పోలేదు. నేటి డబ్బులో అది 0.88 యూరో. అనగా మన రూపాయలలో నూటికి లోపే, ఏడాది మొత్తానికి! చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకునే ఖర్చూ అదీ మాత్రం ఎవరిది వారే పెట్టుకోవాలి. చూడవచ్చిన మాబోటివాళ్ళం గేటు దగ్గర కొన్న టిక్కెట్టు ధర, లోపలివాళ్ళు ఏడాదికి కట్టే అద్దెకు ఎన్నో రెట్లు. గంటసేపు చూడటానికి మేము ఎక్కువ ఇచ్చాం, ఏడాది ఉండటానికి వాళ్ళు తక్కువ ఇస్తారు. లోకంలో తిరగబడిన లెక్కలు ఎన్నో చూశాను గానీ, పేదవాడి వైపు తిరగబడిన లెక్కను చూడటం అదే మొదటిసారి.

అద్దె తక్కువ కావటం గొప్పే. అయితే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది అది కాదు, ఆ ఇళ్ళ తలుపులు. కింది వాటాకు ఒక తలుపు, పై వాటాకు వేరే తలుపు. రెండూ నేరుగా వీధిలోకే తెరుచుకుంటాయి. పైవాళ్ళు కిందివాళ్ళ గడప తొక్కనక్కరలేదు. కింద ఉన్నవారికి చిన్న పెరడు, పైన ఉన్నవారికి అటక. ఎవరి వంటిల్లు వారిదే. ప్రతి తలుపు పక్కనా పిలుపుగంటను లాగటానికి ఇనుప పిడి ఉంటుంది. ఒకదానికి మూడాకుల గుర్తు, మరొకదానికి పైను కాయ గుర్తు, ఇలా ఏ రెండూ ఒకటి కావు. వీధిదీపాలు లేని రోజుల్లో చీకటిపడి ఇల్లు చేరినవాడు చేత్తో తడిమి, ఇది నా తలుపు అని గుర్తుపట్టటానికట! ఒకే అచ్చులో పోసినట్టు కట్టిన ఇళ్ళలో కూడా, నీ తలుపు నీదే సుమా అని చెప్పటానికి ఎవరో ఆలోచించారన్నమాట. మేము పోతుంటే ఒక ముసలమ్మ కుండీలకు నీళ్ళు పోస్తున్నది. మా జట్టులో జర్మను వచ్చిన అమ్మాయి ఏదో అడిగితే నవ్వి జవాబు చెప్పి, లోపలికి పోయి తలుపు వేసుకున్నది. ఆ తలుపు వేసుకోవటం నాకు చాలా నచ్చింది. ధర్మం మీద బ్రతికేవాళ్ళు చూడవచ్చినవాళ్ళ ముఖంమీద తలుపు వేసుకోగలరా అని అడిగితే, అక్కడ వేసుకోగలరు.

రెండవ సంగతి దాని ఆయుష్షు. అయిదు వందల ఏళ్ళు ఒక దానం నిలిచిందంటే మాటలు కాదు. ముప్పై సంవత్సరాల యుద్ధంలో స్వీడన్ సేనలు దాన్ని పాడుచేశాయి, మళ్ళీ కట్టారు. 1944 ఫిబ్రవరి 25, 26 తేదీల నడిమి రాత్రి విమానాలు బాంబులు కురిపిస్తే వాడలో చాలాభాగం నేలమట్టమయింది. అప్పుడు జనం తలదాచుకున్న నేలమాళిగలో ఇప్పుడు ఆనాటి చిత్రాలు పెట్టి చూపిస్తున్నారు. ఆ బూడిద ఆరకముందే, మార్చి మొదట్లోనే, మళ్ళీ కట్టాలని ఫుగ్గర్ వంశంవారు నిర్ణయించారు. కట్టారు కూడా, పక్క స్థలం కలుపుకొని పెంచారు కూడా. ఎలా సాధ్యమయింది? మూలధనం విడిగా ఉండబట్టి. కట్టించినవాడు ఇళ్ళు కట్టి చేతులు దులుపుకోలేదు. వాటిని నడపటానికి వేరే ఆస్తి ధర్మసంస్థ పేరున కట్టబెట్టాడు. నేడు ఆ సంస్థకు ముఖ్యమైన ఆదాయం అడవులనుంచి వస్తున్నది. దాత మనసు మారినా, దాత చచ్చిపోయినా, చెట్లు పెరగటం మానవు గదా! సంగీత విద్వాంసుడు మొజార్ట్ ముత్తాత ఫ్రాంజ్ మొజార్ట్ తాపీమేస్త్రి. చివరిరోజుల్లో చితికిపోయి 1681 నుంచి ఈ వాడలోనే తలదాచుకున్నాడు. కట్టించినవాడు పోయి అప్పటికే నూట యాభై ఏళ్ళు దాటింది. అయినా ఆ మేస్త్రికి తలుపు తెరుచుకుంది.

ఇంతవరకూ మంచి. ఇక రెండవ పక్క కూడా చూడాలి. చూడకపోతే నేను సైన్సు విద్యార్థిని ఎలా అవుతాను?

ఈ యాకోబ్ ఫుగ్గర్ తాత హాన్స్ ఫుగ్గర్ ఒక నేతగాడు. గ్రాబెన్ అనే పల్లెనుంచి 1367లో ఆగ్స్‌బర్గ్ వచ్చి మగ్గం పెట్టాడు. ఆ ఊరు నారపోగూ పత్తిపోగూ కలిపి నేసే గుడ్డకు పేరుపడ్డది. ఆ పత్తి వెనిస్ మీదుగా సముద్రం దాటి వచ్చేది. పత్తి పండించే ఇంట పుట్టినవాణ్ని గనుక అది చదివినప్పుడు నాకు కొంచెం బంధుత్వం తోచింది. కాని మనవడి నాటికి మగ్గం పోయి వడ్డీలెక్క వచ్చింది. రాజులకు అప్పులిచ్చి, ఆ అప్పులకింద తిరోల్ వెండిగనులు పట్టాడు. హంగరీలో రాగిగనులు పట్టాడు. 1519లో అయిదవ చార్లెస్ చక్రవర్తిగా ఎన్నిక కావటానికి ఓటున్న ప్రభువులకు పంచిన సొమ్ము దాదాపు 8,50,000 గుల్డెన్లు. అందులో 5,40,000కు పైగా ఫుగ్గర్ పెట్టుబడే. తరువాత ఆ చక్రవర్తికే ఉత్తరం వ్రాసి, నేను లేకపోతే నీకు కిరీటం లేదని గుర్తుచేశాడంటే ఆ మనిషి ఎంతటివాడో ఊహించుకోండి.

మన దేశానికి కూడా దీనితో సంబంధం ఉంది. మిరియాలకోసం పోర్చుగీసువారు 1505లో అల్మేడా నాయకత్వాన పంపిన ఓడలలో జర్మను వర్తకుల పెట్టుబడి ఉంది. అందులో ఫుగ్గర్ల వాటా కూడా ఉంది. 2008లో ఆఫ్రికాలో నమీబియా తీరాన వజ్రాలకోసం తవ్వుతుంటే ఒక పాత ఓడ శిథిలాలు బయటపడ్డాయి. 1533లో మన దేశానికి బయలుదేరి మునిగిపోయిన పోర్చుగీసు ఓడ అని గుర్తించారు. అందులో దొరికిన టన్నులకొద్దీ రాగి దిమ్మెలమీద త్రిశూలం ముద్ర ఉంది. అది ఫుగ్గర్ల ముద్ర. మన రేవుల్లో మిరియాలు కొనటానికి బయలుదేరిన రాగి అది.

అసలైన చేదు ఇంకా చెప్పలేదు. పేదల వాడ పూర్తయిన రెండేళ్ళకు, 1525లో, ఆ ప్రాంతంలోనే రైతులు తిరగబడ్డారు. ఆగ్స్‌బర్గ్‌కు ఎంతో దూరం లేని మెమ్మింగెన్ పట్టణంలో చేరి పన్నెండు కోర్కెలు వ్రాసుకున్నారు. ఏమిటా కోర్కెలు? మమ్మల్ని దాసులుగా చూడవద్దన్నారు. అడవిలో కట్టెలు కొట్టుకోనివ్వండి, ఏటిలో చేపలు పట్టుకోనివ్వండి అన్నారు. ఊరుమ్మడి భూములు ఊరికి తిరిగి ఇవ్వండి, శిస్తు పంటనుబట్టి న్యాయంగా కట్టండి అన్నారు. ఈ కోర్కెలు మా ఊరి రచ్చబండ దగ్గర చదివితే, ఇవి ఏ దేశానివి అని అడిగేవాడుండడు. ఆ రైతులను అణచటానికి స్వాబియన్ కూటమి నడిపిన సేనకు డబ్బు సమకూర్చినవారిలో ఫుగ్గర్ ముఖ్యుడు. ఆ యుద్ధంలో చచ్చిన రైతుల సంఖ్య 70,000 నుంచి లక్ష దాకా ఉంటుందని అంచనా. అదే సంవత్సరం డిసెంబరు 30న ఫుగ్గర్ కూడా పోయాడు. పట్నంలో పేదకు పెంకుటిల్లు కట్టించిన చెయ్యీ, పల్లెలో రైతుమీదికి వచ్చిన సేనకు జీతమిచ్చిన చెయ్యీ ఒకటే.

హాస్టలుకు తిరిగివచ్చాక ఈ సంగతి చెబితే మా గదిలో పెద్ద వాదమే జరిగింది. ఆర్ట్సు చదివే మిత్రుడొకడు, "ఒరేయ్, దోచుకున్నవాడు పైసా విదిలిస్తే పుణ్యాత్ముడవుతాడట్రా? స్వర్గంలో సీటు రిజర్వు చేయించుకున్నాడు, అంతే" అన్నాడు. కామర్సు మిత్రుడు ఊరుకోలేదు. "పోనీలేరా, ఆ కాలంలో డబ్బున్నవాళ్ళు ఇంకా ఎందరో ఉన్నారు గదా, వాళ్ళేం కట్టారు? ఇతను కట్టింది అయిదు వందల ఏళ్ళు నిలిచింది, అది చూడు" అన్నాడు. అర్ధరాత్రి దాకా ఇద్దరూ తగ్గలేదు.

నాకు తోచింది ఏమిటంటే, ఆ ఇద్దరూ ఫుగ్గర్‌ని గురించే మాట్లాడారు. ఒకడు ఆయన్ని నరకానికి పంపాడు, ఒకడు స్వర్గానికి పంపాడు. లోపల ఉన్న ముసలమ్మను గురించి ఇద్దరూ మాట్లాడలేదు. దానం అన్న మాట వచ్చినప్పుడల్లా జరిగేది ఇదే. ఇచ్చినవాడి చరిత్రే చరిత్ర. పుచ్చుకున్నవాడు వట్టి లెక్కకు మాత్రమే. కనుక నేను ప్రశ్నను తిప్పి అడుగుతాను. పుచ్చుకున్నవాడు తల ఎత్తుకొని ఉండగలుగుతున్నాడా? ఈ ఏడు ఉన్నది మరుసటి ఏడు కూడా ఉంటుందన్న ధీమా అతనికి ఉందా? గేటు దగ్గర ఎవరిని లోపలికి రానిచ్చారు, ఎవరిని వెనక్కు పంపారు?

మొదటి రెండు ప్రశ్నలకూ ఫుగ్గరై మంచి మార్కులే తెచ్చుకుంటుంది. మూడవదాని దగ్గరే చిక్కు. లోపలికి రావాలంటే ఆగ్స్‌బర్గ్ వాసి అయి ఉండాలి, క్యాథలిక్ మతస్థుడై ఉండాలి, అక్కరలో ఉండాలి, అప్పులు మాత్రం ఉండరాదు. రోజుకొకసారి కట్టించినవాడి ఆత్మకోసమూ, అతని వంశంకోసమూ ప్రార్థన చెయ్యాలి. ఈ ప్రార్థనను గురించి నేను తగవుపడను, అది వారి నమ్మకం. కాని అప్పులు ఉండరాదన్న నిబంధన దగ్గర నేను ఆగిపోయాను. మా నాన్న నిజాయితీపరుడు. పొద్దు పొడవకముందే చేలో ఉంటాడు. తాగుడు లేదు, పేకాట లేదు. అయినా విత్తనాలకు ఒక అప్పు, పురుగుమందుకు ఒక అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు. ఒక ఏడు గులాబీరంగు పురుగు, ఒక ఏడు కోతల వేళ వాన. కౌలుదారుకు అప్పు లేకపోవటమనేది అతని చేతిలో లేదు. రాజులకు అప్పులిచ్చి వాడ కట్టించినవాడి గేటు దగ్గర, అప్పుపడ్డవాడు అనర్హుడన్నమాట! మా నాన్న ఆగ్స్‌బర్గ్‌లో క్యాథలిక్‌గా పుట్టినా ఆ గేటు దాటలేడు.

దానానికి ఉన్న హద్దు ఇదే. ఎంత గొప్ప దానమైనా గేటు తాళం దాత చేతిలో ఉంటుంది. ఎవరు యోగ్యుడైన పేద, ఎవరు కాడు అని అతడే తేలుస్తాడు. హక్కు అలా కాదు. ఆగ్స్‌బర్గ్‌కు తూర్పున, వియన్నా నగరంలో మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఏం చేశారో చదివాను. 1923లో గృహనిర్మాణ పన్ను వేశారు. పెద్ద బంగళాలవారు ఎక్కువ కట్టాలి, చిన్న ఇళ్ళవారు తక్కువ కట్టాలి. ఆ డబ్బుతో 1934 లోపల 60,000కు పైగా వాటాలు కట్టి కార్మికులకు ఇచ్చారు. అక్కడ ఎవరి ఆత్మకోసమూ ఎవరూ ప్రార్థన చెయ్యనక్కరలేదు. తమ పన్నుతో తమ నగరం కట్టిన ఇల్లది. ఫుగ్గరై 52 ఇళ్ళతో మొదలయింది. హక్కు అన్నది వేలల్లో మొదలవుతుంది. కనుక రెండింటిలో ఏది కావాలంటే హక్కే కావాలంటాను. కాని హక్కు కింద కట్టిన ఇంటికి కూడా సొంత తలుపూ, సొంత గంటా ఉండాలని మాత్రం ఫుగ్గరైని చూసి నేర్చుకోవాలంటాను.

ఇదంతా మనకెందుకు అని కొందరనవచ్చు. ఎందుకో చెబుతాను. మన సంఘానికి పేద విద్యార్థుల సహాయ నిధి ఒకటుంది. ఏటా వార్షికోత్సవానికి ముందు రసీదు పుస్తకాలు పట్టుకొని పట్టణంలో షాపుల వెంట తిరుగుతాం. ఎంత వస్తే అంత. ఆ ఏడు దాతలకు మనసైతే పదిమందికి, కాకపోతే ముగ్గురికి. వార్షికోత్సవం నాడు మైకులో పేరు పిలిచి, తండ్రి వృత్తి చదివి, ముఖ్య అతిథి చేత కవరు ఇప్పిస్తాం. ఫొటో తీసేదాకా ఆ కవరు ఇద్దరి చేతుల్లోనూ ఉండాలి. నేనూ ఒక ఏడు ఆ వరసలో నిలబడినవాణ్నే. ఆ కవరుతో పరీక్ష ఫీజు కట్టాను. ఇచ్చినవారిమీద నాకు కృతజ్ఞత ఉంది. అయితే మరునాటినుంచి మెస్సులో రెండోసారి పెరుగు వేయించుకోవటానికి కూడా చెయ్యి చాచలేకపోయాను. ఎవరూ ఏమీ అనలేదు. అననక్కరలేదు గూడా.

కనుక సంఘం పెద్దలకూ, అధ్యాపకులకూ నేను మూడు మార్పులు సూచిస్తున్నాను. మొదటిది: ప్రతి ఏడూ వసూలైనదంతా ఆ ఏడే పంచివేయకుండా, అందులో సగం బ్యాంకులో మూలధనంగా వేసి ముట్టుకోకుండా ఉంచాలి. పాత విద్యార్థులను కూడా ఆ మూలధనానికే అడగాలి. కొన్నేళ్ళకు ఆ వడ్డీయే నిధి అవుతుంది. అప్పుడు మన జూనియర్ల ఫీజు ఏ షాపు యజమాని మూడ్ మీదా ఆధారపడదు. సగం ఆపితే ఈ ఏడు ఇద్దరికి తగ్గుతుంది గదా అంటారు. తగ్గుతుంది, నిజమే. ఆ ఇద్దరి భారం మన వార్షికోత్సవపు షామియానా ఖర్చులోనుంచి తీద్దాం.

రెండవది: సహాయం వేదికమీద ఇవ్వకూడదు. ఫీజు కౌంటరులో నేరుగా జమకట్టాలి. ఎవరికి అందిందో ఆ విద్యార్థికీ, నిధి చూసే అధ్యాపకునికీ తెలిస్తే చాలు. లెక్క అణా పైసలతో నోటీసు బోర్డులో పెట్టండి, పేర్లు మాత్రం పెట్టకండి. దాతలకు ఫొటో కావాలంటే దాతలందరినీ వరసగా నిలబెట్టి తీయండి. వాళ్ళకు అందులో సిగ్గేమీ లేదు గదా.

మూడవది: అర్హత నిబంధనలు వ్రాసేటప్పుడు "సత్ప్రవర్తన గల పేద" వంటి మాటలు తీసివేయాలి. పేదవాడి ప్రవర్తనను కొలిచే త్రాసు మన దగ్గర లేదు. ఆదాయం చూడండి, అవసరం చూడండి, అంతటితో ఆపండి.

ప్రభుత్వం ప్రతి విద్యార్థికీ చదువును నిజంగా హక్కుగా అందించిన రోజున ఇటువంటి నిధి అక్కరే ఉండదు. దానికోసం అడగటం మానకూడదు. అడుగుతూనే, ఆ రోజు వచ్చేదాకా మన చేతిలో ఉన్న చిన్న నిధిని మర్యాదగా నడపటం మన పని. దానికి కోట్లు అక్కరలేదు, వెండిగనులు అక్కరలేదు, చక్రవర్తికి అప్పు ఇవ్వనక్కరలేదు. ఒక బ్యాంకు పాసుబుక్కు, ఒక ఫీజు రసీదు, నోరు కట్టుకొని ఉండగల ఒక అధ్యాపకుడు ఉంటే చాలు. వచ్చే కార్యవర్గం ఎవరిదైనా సరే, జూన్‌లో జరిగే మొదటి సమావేశంలోనే ఈ మూడు సూచనలనూ చర్చకు పెట్టాలని కోరుతున్నాను. వ్యతిరేకించేవారు ఉంటే లేచి వాదించండి. వాదానికి నేను సిద్ధం.